వాయిదా వేస్తే వేయండి, తేదీ రాసి ఇవ్వండి

రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను తెలంగాణలో ఒక జిల్లా ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో పందొమ్మిదేళ్లు పనిచేసి ఈమధ్యే రిటైరైన హెడ్ నర్సును. ఆసుపత్రి పేరు రాయడం లేదు. రాస్తే ఈ ఉత్తరం ఆ ఒక్క ఆసుపత్రి మీద ఫిర్యాదైపోతుంది, సూపరింటెండెంటు గారికి ఒక మెమో వస్తుంది, ఆయన సంజాయిషీ రాసి పంపిస్తారు, కథ అక్కడితో సరి. కరోనా రోజుల్లో తేదీ చెప్పకుండా వాయిదా వేసిన ఆపరేషన్ల గురించి ఈ ఉత్తరం. సర్వీసులో ఉండగా ఈ మాటలు చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది. ఇప్పుడు పెన్షన్ కాగితాల పని కూడా పూర్తయింది కాబట్టి రాస్తున్నాను.

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. సాయంత్రం ఐదింటికి మా కాలనీలో అందరూ చప్పట్లు కొట్టారు, పళ్లాలు మోగించారు. ఆ రాత్రికే రాష్ట్రంలో లాక్‌డౌన్ ప్రకటించారు. సోమవారం మా పెద్ద సర్జరీల రోజు. నేను థియేటర్‌కి వెళ్లేసరికి లిస్టు గోడకు అంటించి ఉంది. ఆరుగురు పేషెంట్లు.

ఒకటో నంబరు మార్కెట్ యార్డులో హమాలీ, గజ్జల్లో హెర్నియా, అంటే పేగు బయటికి పొడుచుకొచ్చిన గడ్డ. రెండు, డెబ్బై దాటిన పెద్దాయన, వరిబీజం. మూడు, అంగన్‌వాడీ టీచరు, గాల్‌బ్లాడర్‌లో రాళ్లు. నాలుగు, ఇద్దరు పిల్లల తల్లి, కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్. ఐదు, కాలు విరిగినప్పుడు వేసిన రాడ్ తీయించుకోవాల్సిన కుర్రాడు. ఆరు, నలభై రెండేళ్ల ఆమె, రొమ్ములో గడ్డ, తీసి బయాప్సీకి పంపాలి. అందరూ ముందురోజే అడ్మిట్ అయ్యారు. రాత్రి నుంచి నీళ్లు కూడా ముట్టకుండా ఉన్నారు. హమాలీకైతే ఆకుపచ్చ గౌను కూడా తొడిగి, స్ట్రెచర్ మీద బయట పడుకోబెట్టారు.

తొమ్మిదిన్నరకు ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఎమర్జెన్సీలు తప్ప అన్నీ ఆపేయండని. నేను స్కేలు పెట్టి, ఎర్ర ఇంకు పెన్నుతో రిజిస్టరులో ఆ ఆరు పేర్ల మీదుగా ఒక అడ్డగీత గీశాను. పక్కన 'పోస్ట్‌పోన్డ్' అని రాశాను. ఎప్పటికి అన్నది రాయలేదు. రాయమని ఎవరూ చెప్పలేదు, నాకూ తోచలేదు. హమాలీ స్ట్రెచర్ దిగి గౌను విప్పేసి, "ఇప్పుడు ఎట్ల పోవాలె సిస్టర్, బస్సులు బంద్ అంటున్నరు" అన్నాడు. "ఏం కాదులే, పదిరోజులాగి రా" అన్నాను. ఆ మాట అన్నది నేనే. అందుకే ఈ ఉత్తరంలో నేను ఎవరి మీదా వేలెత్తి చూపడం లేదు.

ఆపడం తప్పని కూడా నేను అనను. అంతకు మూడు రోజుల ముందే, మార్చి 20న, అత్యవసరం కాని ఆపరేషన్లు వాయిదా వేయమని కేంద్ర ఆరోగ్య శాఖ అన్ని ఆసుపత్రులకూ రాసింది. అప్పటికి మా థియేటర్‌లో ఉన్న ఎన్-95 మాస్కులు ఒక డబ్బా. ఉన్న మత్తు డాక్టరు ఒక్కరే. ఆయనకు జ్వరం వస్తే జిల్లాలో సిజేరియన్లు కూడా ఆగిపోతాయి. ఆ తర్వాత మే నెలలో లాన్సెట్ పత్రికలో వచ్చిన లెక్క చూస్తే మా భయం ఉత్తది కాదని తేలింది. ఆపరేషన్‌కు వారం ముందు గానీ, తర్వాత నెలలోపు గానీ కరోనా బయటపడిన 1,128 మంది పేషెంట్లను 24 దేశాల్లో లెక్కలోకి తీసుకున్నారు. నెల తిరక్కుండానే చనిపోయినవాళ్లు 23.8 శాతం. అందులో ఎమర్జెన్సీ కేసులే ఎక్కువ, నిజమే. కానీ ముందుగా తేదీ అనుకుని చేసిన ఆపరేషన్లలో కూడా 18.9 శాతం పోయారు. ఐదుగురిలో ఒకరు పోతారంటే ఏ సర్జన్ చెయ్యి మాత్రం లేస్తుంది?

2021 ఏప్రిల్, మే గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మా థియేటర్ జంబో ఆక్సిజన్ సిలిండర్లు కరోనా వార్డుకు పోయాయి. మా వార్డు బాయ్ రాత్రంతా స్పానర్ పట్టుకుని సిలిండర్లు మార్చడమే పని. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి వరిబీజం ఆపరేషన్ చేద్దామంటే నేనే తిట్టి పంపేదాన్ని.

కానీ 2020 మే, జూన్ నెలలు వేరు. అప్పుడు రాష్ట్రంలో కేసులు చాలావరకు జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) పరిధిలోనే ఉండేవి. మా జిల్లాలో పాజిటివ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అయినా మా థియేటర్‌లో సిజేరియన్లు, యాక్సిడెంట్ కేసులు తప్ప ఇంకేం జరగలేదు. రెండో టేబుల్ ఉన్న గదికి ప్రతి శనివారం ఫ్యూమిగేషన్ చేసి తాళం వేసేవాళ్లం. మళ్లీ శనివారం తాళం తీసి, ఒక్క కేసు కూడా జరగని గదికి మళ్లీ పొగ పెట్టి, మళ్లీ తాళం. మేం ముగ్గురు సిస్టర్లం ఆకుపచ్చ థియేటర్ గుడ్డతో మాస్కులు కుట్టుకుంటూ కూర్చున్నాం. హైదరాబాద్‌కు పెట్టిన తాళమే మాకూ పెట్టారు. తీయమని చెప్పేవాళ్లు లేరు, తీయమని అడిగే ధైర్యమూ లేదు.

జూన్ ఆఖరులో ఒక రాత్రి పదకొండింటికి ఆటోలో హమాలీని తీసుకొచ్చారు. రెండు రోజులుగా వాంతులు. కడుపు డోలులా ఉబ్బింది. గజ్జల్లో గడ్డ రాయిలా గట్టిపడి, చెయ్యి పెట్టనివ్వడం లేదు. నన్ను చూసి గుర్తుపట్టాడు. "మే నెలల ఒచ్చిన సిస్టర్. ఎమర్జెన్సీ అయితెనే లోపలికని గేటు కాడనే ఆపిండ్రు" అన్నాడు, ఫిర్యాదులా కాదు, మామూలుగా. డాక్టరు గారు కరోనా టెస్టు రిపోర్టు కోసం ఆగలేదు. టెస్టు లేదని అత్యవసర ఆపరేషన్లు, కాన్పులు ఆలస్యం చేయొద్దని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అప్పటికే మే నెలలో చెప్పి ఉంది. అందరం పీపీఈ కిట్లు వేసుకుని లోపలికి వెళ్లాం.

కోసి చూస్తే లోపల ఇరుక్కున్న పేగు నేరేడు పండు రంగులో ఉంది. ఇలాంటప్పుడు ఏం చేస్తారంటే, ఇరుకు విడిపించి, గోరువెచ్చటి సెలైన్‌లో తడిపిన గుడ్డలు పేగు చుట్టూ కప్పి, మత్తు మిషన్ మీద నూరు శాతం ఆక్సిజన్ పెట్టి, ఆగుతారు. పది నిమిషాలు. రంగు తిరిగి వస్తే బతికినట్టు. ఆ పది నిమిషాలు థియేటర్‌లో ఎవరూ మాట్లాడరు. ఫేస్ షీల్డ్ లోపల ఊపిరి ఆవిరి పట్టి గడియారం సరిగ్గా కనపడదు, అయినా అందరి చూపూ దాని మీదే. నేను రెండుసార్లు గుడ్డలు మార్చాను. తీసి చూస్తే కొంత ఎర్రబడింది, జానెడు ముక్క మాత్రం నల్లగానే ఉండిపోయింది. దాన్ని కోసి తీసేసి రెండు చివరలూ కలిపి కుట్టారు.

ఇప్పుడు లెక్క చూడండి. మార్చి 23న ఆ ఆపరేషన్ చేసి ఉంటే వెన్నుకు మత్తు సూది, ముప్పావుగంట పని, ఆక్సిజన్ అవసరమే దాదాపు ఉండదు, మూడో రోజు ఇంటికి. జూన్‌లో చేసినదానికి పూర్తి మత్తు, మూడు గంటలు, ఒక యూనిట్ రక్తం, ఆరు పీపీఈ కిట్లు, వార్డులో పదకొండు రోజులు. మంచాలు, ఆక్సిజన్, కిట్లు మిగుల్చుకుందామనే కదా ఆపాం. పేగు కోసినచోట ఇన్ఫెక్షన్ భయంతో, గడ్డ మళ్లీ రాకుండా వేసే వలలాంటి జాలీ వేయరు, కాబట్టి హెర్నియా తిరగబెట్టే అవకాశం ఎక్కువ. బరువులు ఎత్తొద్దన్నారు. హమాలీకి చెప్పారు ఆ మాట. ఇప్పుడతను ఒక జిన్నింగ్ మిల్లు దగ్గర వాచ్‌మన్. వచ్చేది మునుపటి కూలిలో సగం.

హెర్నియాలన్నీ ఇలా అవుతాయని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. పెద్దగా బాధ పెట్టని హెర్నియాను ఆపరేషన్ లేకుండా కనిపెట్టుకుని ఉండొచ్చా అని అమెరికాలో 720 మంది మగవాళ్ల మీద పరిశోధన చేసి 2006లో ప్రకటించారు. అలా ఆగినవాళ్లలో పేగు ఇరుక్కున్న సంఘటనలు వెయ్యి మందిలో ఏడాదికి రెండు లోపే. అంటే ఆగొచ్చు. కానీ ఆ పరిశోధన బాధలేనివాళ్ల మీద. మా హమాలీ రోజుకు మూడునాలుగుసార్లు మూటలు దించి, గోడకు ఆనుకుని, చేత్తో గడ్డను లోపలికి నొక్కుకుని మళ్లీ మూట ఎత్తేవాడు. రెండుసార్లు లోపలికి పోక గంటసేపు ఇబ్బంది పెట్టింది కూడా. ఇవన్నీ తర్వాత అడిగితే చెప్పాడు. ముందే అడిగితే రెండు నిమిషాల పని. అడిగి ఉంటే అతన్నీ, పెద్దాయన వరిబీజాన్నీ ఒకే గీత కింద కొట్టేసేవాళ్లం కాదు.

పెద్దాయన సంగతీ చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. ఆయన ఏడాదికి పైగా ఆగాడు. ఏమీ కాలేదు. వయసు, షుగరు, ఆస్తమా అన్నీ ఉన్న ఆయన్ని ఆ రోజుల్లో ఆసుపత్రిలో పడుకోబెట్టి ఉంటే కరోనాకే పోయేవాడేమో. ఆయన విషయంలో వాయిదాయే వైద్యం. రాడ్ కుర్రాడికి కూడా ఏం కాలేదు. ఆ రాడ్ ఇప్పటికీ కాలిలోనే ఉంది, పెళ్లి కూడా చేసుకున్నాడు, తీయించుకోమంటే నవ్వుతాడు. అంగన్‌వాడీ టీచరమ్మ మూడుసార్లు నొప్పితో మెలికలు తిరిగి, చివరికి అప్పు చేసి ప్రైవేటులో చేయించుకుంది. ఆ ప్రైవేటు ఆసుపత్రికీ మాకూ వచ్చింది ఒకటే సలహా. కానీ డబ్బు కట్టగలిగేవాళ్లకు అక్కడ తలుపు కాస్త ముందే తెరుచుకుంది.

నాలుగో నంబరు గురించి రాయడానికి సిగ్గుగా ఉంది. ఇద్దరు పిల్లలు చాలు, ఆపరేషన్ చేయండని తనంతట తాను వచ్చిన మనిషి. కు.ని. ఆపరేషన్ అర్జెంటు కాదు కదా అని పంపేశాం. 2021 మార్చిలో మా ఆసుపత్రికే కాన్పుకు వచ్చింది. మగపిల్లాడు, మూడు కేజీలు. బాగానే ఉన్నాడు. "మీరే కదా సిస్టర్ అప్పుడు పంపిచ్చింది" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

'ఎలెక్టివ్' అన్న మాటతోనే వచ్చింది ఈ తంటా అంతా. డాక్టర్ల భాషలో దానికి అర్థం, తేదీ ముందుగా అనుకుని చేసేదని. మేం పేషెంటుకు చెప్పేటప్పుడు అది "అర్జెంటేం లేదు"గా మారుతుంది. ఆఫీసుకెళ్లేసరికి "అవసరం లేదు" అవుతుంది. రొమ్ము గడ్డ బయాప్సీ కూడా ఆ లెక్కన ఎలెక్టివే. అది మామూలు గడ్డా, క్యాన్సరా అన్నది బయాప్సీ చేస్తేనే తెలుస్తుంది. అర్జెంటా కాదా అన్నది తేల్చే ఆపరేషన్నే అర్జెంటు కాదని వాయిదా వేశాం. క్యాన్సర్ సర్జరీ నాలుగు వారాలు ఆలస్యమైతే చనిపోయే ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుందని 2020 నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆ నాలుగు వారాలు మొదలయ్యేది క్యాన్సర్ అని పేరు పెట్టినవాళ్లకు. పేరే పెట్టనివాళ్ల వారాలు ఎవరు లెక్కపెడతారు?

అలాంటివే ఇంకా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఒకచోట కిడ్నీలో రాయి తీసి, మూత్రం దిగడానికి లోపల డీజే స్టెంట్ అనే సన్నటి గొట్టం వేసి పంపిన ఒకాయన మా ఓపీకి వచ్చాడు. దాన్ని మామూలుగా మూడు నెలల్లోపే తీసేయాలి. ఆలస్యమైతే దాని చుట్టూ మళ్లీ రాయి కడుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, కిడ్నీ దెబ్బతింటుంది. అతని దగ్గరున్న డిశ్చార్జి కాగితం మీద స్టెంట్ తీయాలని ఇంగ్లిషులో ఒక మూల రాసి ఉంది. అతనికి ఇంగ్లిషు రాదు. తీసే పరికరం మా దగ్గర లేదు. వేసినచోటికి ఫోన్ చేస్తే ఇప్పుడు కరోనా కేసులే చూస్తున్నామన్నారు. సగం అయిన పనిని మొదలుపెట్టని పనితో కలిపి ఆపేశారన్నమాట.

జిల్లాల నుంచి మేం రాసి పంపేది హైదరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రికో, ఉస్మానియాకో. 2020లో గాంధీని పూర్తిగా కరోనాకే ఇచ్చేశారు. మిగతావాళ్లంతా ఉస్మానియా మీద పడ్డారు. ఆ జూలై వానలకు ఉస్మానియా పాత భవనం వార్డుల్లోకి నీళ్లొచ్చి ఆ భవనాన్నే ఖాళీ చేయించారు. మేం రాసిచ్చిన రెఫరల్ చీటీ పట్టుకుని మనుషులు ఎక్కడికి పోవాలి? గాంధీలో మామూలు సేవలు మళ్లీ మొదలైంది నవంబరులో. అంతకుముందు పీజీ డాక్టర్లు తమకు సర్జరీ నేర్చుకునే దారే లేకుండా పోయిందని నిరసనకు దిగారు. 2021 ఏప్రిల్‌లో మళ్లీ పూర్తిగా కరోనాకే, ఆగస్టులో మళ్లీ మామూలు. గాంధీలో డాక్టర్లు, సిస్టర్లు చేసిన సేవకు చేతులెత్తి దండం పెడతాను. నా మాట ఒక్కటే. అంత పెద్ద ఆసుపత్రికి తాళం మార్చేటప్పుడు, అప్పటికే లోపల లిస్టులో ఉన్నవాళ్లు ఎవరి బాధ్యత అన్నది అదే ఆర్డరులో ఒక పేరాగా ఉండాలి.

ఎంతమంది ఆగిపోయారో మీ శాఖ దగ్గర లెక్క ఉందా అండీ? నాకు తెలిసి మా జిల్లాను ఎవరూ అడగలేదు. 2020 మే నెలలో బర్మింగ్‌హామ్ పరిశోధకులు ఒక అంచనా వేశారు. కరోనా ఉధృతంగా ఉండే పన్నెండు వారాల్లో ప్రపంచమంతా 2 కోట్ల 84 లక్షల ఆపరేషన్లు ఆగిపోతాయని, భారతదేశంలోనే 5 లక్షల 80 వేలకు పైగా ఉంటాయని. అది అంచనా. ఇంగ్లండ్‌లో చికిత్స కోసం ఎదురుచూసేవాళ్ల లిస్టు 2023 సెప్టెంబరుకు 77 లక్షలు దాటిందని పేపర్లో చదివి, అయ్యో అంత పెద్ద దేశానికి ఇదేం ఖర్మ అనుకున్నాం. వాళ్లకు లిస్టు ఉంది కాబట్టి అది 77 లక్షలని తెలిసింది. మనకు ఆ సిగ్గు కూడా లేదు, ఎందుకంటే మన లిస్టు మీద నాలాంటివాళ్లు ఎర్ర గీత గీసేశారు.

ఆ ఇంగ్లండ్‌లోనే సర్జన్ల సంఘాలు 2020లో ఆపరేషన్లను నాలుగు మెట్లుగా విడగొట్టాయి. మొదటిది గంటల్లో, మహా అయితే మూడు రోజుల్లో చేయాల్సినవి. రెండోది నాలుగు వారాల్లోపు. మూడోది మూడు నెలల్లోపు. నాలుగోది అంతకు మించి ఆగగలిగేవి. చికాగో యూనివర్సిటీ సర్జన్లు ఇంకో పద్ధతి తయారుచేశారు. ఎంతసేపు పడుతుంది, రక్తం కావాలా, ఐసీయూ మంచం కావాలా, ఆగితే జబ్బు ఏమవుతుంది, పేషెంటుకు షుగరుందా, ఇలా 21 అంశాలకు మార్కులు వేసి తేల్చుకోవడం. మనకు 21 అక్కర్లేదు. మా డాక్టరు గారైతే ఐదు ప్రశ్నలు చాలంటారు. కానీ ప్రశ్నలంటూ ఉండాలి, వాటిని మనిషి మనిషికీ విడిగా అడగాలి, వారం వారం మళ్లీ అడగాలి. మార్చిలో నాలుగో మెట్టు మీదున్నవాడు మే నెలకు రెండో మెట్టు మీదికి రావచ్చు.

ఈ పని ఎందుకు జరగలేదో కూడా చెబుతాను. భయం. అందరినీ ఆపేస్తే ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఒక్కరికి చేస్తే, ఆ ఒక్కరికి కరోనా వచ్చినా, మా సిస్టర్లలో ఎవరికి వచ్చినా, "ఎవరు చెయ్యమన్నారు?" అని అడుగుతారు. చెయ్యనందుకు ఎవరూ ఎవరినీ అడగలేదు. జూన్‌లో హమాలీ పేగు కోసిన డాక్టరు గారే మే నెలలో అతని గడ్డ చూసి ఉంటే ఆపరేషన్ చేసేవారా? నేనే ఒకసారి అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు ఆయన. తర్వాత, "నాకు రాతపూర్వకంగా ఉంటే చేసేవాణ్ణి సిస్టర్" అన్నారు. అందుకని మంత్రి గారూ, సర్జను, మత్తు డాక్టరు, ఇంకొక డాక్టరు, ముగ్గురు కూర్చుని ఫలానా మనిషికి చేయాలని గానీ ఆపాలని గానీ రాసి సంతకం పెడితే, ఆ నిర్ణయానికి ప్రభుత్వం వెనక నిలబడుతుందన్న మాట జీవోలో ఉండాలి. ఇది లేకుండా మీరు ఎన్ని గైడ్‌లైన్లు పంపినా అన్నీ బీరువాలోకే పోతాయి.

రెండోది, చీటీ. అర ఠావు కాగితం చాలు. ఏ ఆపరేషన్ ఆగింది, ఎందుకు ఆగింది, మళ్లీ ఏ తేదీలోపు వచ్చి చూపించుకోవాలి, ఈలోపు ఏం కనపడితే గేటు దగ్గర ఎవరు ఆపినా ఆగకుండా లోపలికి రావాలి, థియేటర్ ఫోన్ నంబరు, డాక్టరు సంతకం. అంతా తెలుగులో, ఉర్దూ చదివేవాళ్లకు ఉర్దూలో. ఆ చీటీ హమాలీ జేబులో ఉండి ఉంటే మే నెలలో గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపేవాడు కాదు. ఆపినా ఇతను ఆగేవాడు కాదు.

అదే చీటీ రెండో కాపీ ఊరి ఆశా కార్యకర్తకు పోవాలి. 2021 మే నెలలో ఇంటింటికీ జ్వరం సర్వే చేయించారు గుర్తుందా? ఆ ఎండలో ప్రతి గడప తొక్కి జ్వరముందా, దగ్గుందా అని అడిగారు వాళ్లు. ఆ కాగితంలో ఇంకొక్క ప్రశ్న ఉండి ఉంటే, మీ ఇంట్లో ఆపరేషన్ ఆగిపోయినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని, రాష్ట్రం మొత్తం లెక్క పది రోజుల్లో మీ టేబుల్ మీద ఉండేది. పైసా ఎక్కువ ఖర్చు లేదు. ఆశాలకు పని పెంచమంటున్నానని వాళ్లు నన్ను తిట్టుకుంటారు, వాళ్లకు ఇచ్చేది కూడా కాస్త పెంచండి.

వాయిదా వేయడం చేతకాదని కాదు మనకు. 2021లో 116 దేశాల్లో 1,40,231 మంది పేషెంట్లను చూసి, కరోనా వచ్చి తగ్గినవాళ్లకు ఏడు వారాలు దాటాక ఆపరేషన్ చేస్తే మంచిదని చెప్పారు. మొదటి రెండు వారాల్లో చేస్తే మరణాలు 4.1 శాతం, ఏడు వారాలు దాటాక 1.5 శాతం, అంటే కరోనా రానివాళ్లతో సమానం. మా డాక్టర్లు దాన్ని వెంటనే పాటించారు. కేలెండర్ మీద వారాలు లెక్కపెట్టి పేషెంట్లకు తేదీలిచ్చాం. వాళ్లంతా ఆ తేదీకి వచ్చారు కూడా. అదీ వాయిదానే. ఎవరూ గొడవ చేయలేదు.

ఇప్పుడు ఎందుకివన్నీ అంటారేమో. డెంగీ సీజన్లో వచ్చి చూడండి. ఆగస్టు, సెప్టెంబరు వస్తే సర్జికల్ వార్డు మంచాలు కూడా జ్వరాలకు పోతాయి, లిస్టు మీద గీత పడుతుంది. ఎప్పటికి అని ఇప్పటికీ ఎవరూ రాయరు. ఆ అలవాటు పోలేదు. కేరళలో నిఫా అని టీవీలో వస్తే నాకు ముందు గుర్తొచ్చేది ఆ ఎర్ర పెన్నే. ఆరోగ్యశ్రీని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు, మంచిదే. కానీ వాయిదా పడ్డ మనిషికి కార్డులో ఎంత ఉంటే ఏం లాభం, అతను ఎక్కడున్నాడో ఆసుపత్రికి తెలియనప్పుడు? పైగా తిరిగొచ్చేసరికి రిపోర్టులన్నీ పాతవైపోయి, రక్తపరీక్ష నుంచి మళ్లీ మొదలు. ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర మళ్లీ లైను. వాయిదా మేం వేశాం కాబట్టి, తిరిగొచ్చినవాళ్లను లైనులో ముందుకు నిలబెట్టే బాధ్యత కూడా మాదే కావాలి. ఆదివారాలు అదనంగా ఒక టేబుల్ నడపండి, థియేటర్ స్టాఫ్‌కు ఆ రోజు జీతం ఇవ్వండి. వస్తాం. నేను రిటైరయ్యాను గానీ, పిలిస్తే నేనూ వస్తాను.

ఆరో నంబరు ఆమె గురించి ఇంకా చెప్పలేదు. 2020 సెప్టెంబరులో లిస్టులు మళ్లీ మొదలైనప్పుడు నేను ఆ మార్చి పేజీ తీసి, నా ఫోన్‌తో ఒక్కొక్కరికీ కాల్ చేశాను. ఎవరూ చెప్పలేదు, ఎందుకో చేయాలనిపించింది. ఆమె కేస్ షీట్‌లో ఇచ్చిన నంబరు ఆమెది కాదు, పక్కింట్లో ఉన్న కిరాణా షాపుది. ఎవరో కొత్తవాళ్లు ఎత్తి, షాపు తీసేసి వాళ్లు ఊరెళ్లిపోయారన్నారు. ఆమె మళ్లీ మా ఓపీకి రాలేదు. ఇంకెక్కడైనా చూపించుకుందేమో తెలియదు. ఆ రోజు పొద్దున బెడ్ మీద కూర్చుని, గడ్డ ఉన్న వైపు చెయ్యి అడ్డం పెట్టుకుని, "మళ్ల ఎప్పుడు రావాలె?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది.

రిజిస్టరు ఆసుపత్రి రికార్డు రూములోనే ఉండాలి. ఆమె ఐపీ (అడ్మిషన్) నంబరు, ఊరి పేరు నేను విడిగా రాసి పెట్టుకున్నాను. మీ ఆఫీసు నుంచి ఎవరు అడిగినా ఇస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ థియేటర్ హెడ్ నర్సు